నూరేళ్ళ కిందటి సినిమాలో మా మోటరు

ఆ సినిమా తీసినవాడెవడో నాకు తెలియదు. ఏ దేశం వాడో, చచ్చిపోయి ఎన్నేళ్ళయిందో కూడా తెలియదు. తెలిస్తే మాత్రం వాడి సమాధి దగ్గరికి వెళ్ళి నాలుగు మాటలు అనాలని ఉంది. పట్టుమని పది నిమిషాలు లేదు ఆ బొమ్మ. రంగుల్లేవు, మాటల్లేవు, పాటల్లేవు. ఇద్దరు మగవాళ్ళు, ఒక బోరింగు, రెండు బకెట్లు, అంతే. ఆ పది నిమిషాలు నాకు పుట్టిల్లు లేకుండా చేశాయి. పుట్టిల్లు పోయినా ఓర్చుకునేదాన్నేమో, పెద్దవ్వ కూడా పోయింది. పోయిందంటే చనిపోయిందని కాదు. బతికే ఉంది, ఎల్లారెడ్డికి ఐదు కిలోమీటర్ల దూరంలో, నేను వెళ్ళకూడని ఇంట్లో.

నవ్వు నాలుగు విధాల మేలు అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా అవ్వ, అంటే కన్నతల్లి, నాకు మూడేళ్ళప్పుడు పోయింది. నన్ను పెంచింది పెద్దవ్వ, అంటే మా బాపుకు అన్నయిన పెద్దబాపు భార్య. ఆమెకు పిల్లలు లేరు. బాపు ఇల్లూ పెద్దబాపు ఇల్లూ పక్కపక్కనే, మధ్య గోడ ఒకటే. నేను అన్నం తినేది ఆ ఇంట్లో, పడుకునేది ఆ ఇంట్లో, బాపు కొడతాడని తెలిస్తే దాక్కునేది కూడా ఆ ఇంట్లోనే. పెళ్ళై కామారెడ్డికి వెళ్ళేటప్పుడు నేను బాపును పట్టుకుని ఏడవలేదు. పెద్దవ్వను పట్టుకునే ఏడ్చాను. అది చూసి బాపు మూతి ముడిచాడు కూడా.

అన్నదమ్ములు పాళ్ళు పంచుకున్నప్పుడు ఊరి పెద్దమనుషులు ఒక తెలివైన పని చేశామనుకున్నారు. బావి ఒకటే, మోటరు ఒకటే. స్టార్టరు డబ్బా ఉన్న గుడిసె బాపు పాలికి వచ్చింది. పైపు మీద నీళ్ళు మళ్ళించే వాలు, అదే వాల్వు, పెద్దబాపు పాలికి వచ్చింది. ఒకడు బటన్ నొక్కాలి, ఇంకొకడు వాలు తిప్పాలి. అట్లా అయితే అన్నదమ్ములు ఎప్పటికీ విడిపోరని వాళ్ళ లెక్క. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికీ సొంత తమ్ముడు లేడని నాకు తర్వాత తెలిసింది.

2009లో వానలు మొహం చాటేశాయి. బావిలో నీళ్ళు అడుగంటాయి. ఒక రోజు పెద్దబాపు వాలు దగ్గర ఉన్నాడు, బాపు స్టార్టరు దగ్గర ఉన్నాడు. పైపులో నీళ్ళు ఆగిపోయి గాలి కొట్టసాగింది. మోటరు ఆపమని పెద్దబాపు కేక వేశానన్నాడు. కేక వినపడలేదన్నాడు బాపు. మోటరు కాలిపోయింది, దాంతో పాటు ఇద్దరి మడులూ ఎండిపోయాయి. జరిగింది ఇంతే. కానీ ఆ కేక వేశాడా లేదా అన్నది మూడేళ్ళ పాటు మా రెండిళ్ళనూ తినేసింది.

"గొంతు చించుకొని అరిసిన. గానికి ఇనవడలేదట! చెవిటోనితోని నాకేం మాటలు?" అన్నాడు పెద్దబాపు. ఆ రోజు నుంచి మాట బంద్.

మా దగ్గర మాట బంద్ అంటే కొట్లాట కాదు. కొట్లాటైతే ఒక రోజులో అయిపోతుంది. మాట బంద్ అంటే ఎదురుపడినప్పుడు ఒకరు ఆకాశం చూస్తారు, ఇంకొకరు చెప్పులు చూస్తారు. శుభానికి పిలుచుకోరు. చావుకు వస్తారు కానీ దూరంగా నిలబడి పోతారు. ఇద్దరి మధ్య ఏదైనా చెప్పక తప్పకపోతే బర్రెకు చెబుతారు, గోడకు చెబుతారు. "ఓ గోడా, రేపు లైన్‌మెన్ వస్తడట" అంటే గోడ అవతలివాడు విని ఊరుకోవాలి.

మోటరు మళ్ళీ కట్టించుకున్నారు. నీళ్ళు పారించాలి కదా! నోరు విప్పకుండా ఎట్లా అంటే, తువ్వాలతో. పెద్దబాపు వాలు దగ్గర నుంచి తువ్వాల ఒకసారి పైకెత్తితే మోటరు వేయాలి. రెండుసార్లు ఊపితే ఆపాలి. బాపు గుడిసె ముందు నుంచి తువ్వాల ఊపితే కరెంటు పోయిందని అర్థం. కోపం వస్తే తువ్వాల నేలకేసి కొట్టేవాళ్ళు. పెద్దబాపు ఆరడుగుల మనిషి, బాపు పొట్టి. ఇద్దరూ రెండు గట్ల మీద నిలబడి తువ్వాలలు విసురుకుంటుంటే ఊళ్ళో పనిలేని వాళ్ళు వచ్చి కూర్చుని చూసేవాళ్ళు.

నాకు ఒక్క షరతు పెట్టాడు బాపు. "నా ఇంటికొస్తె ఆ ఇంటికి పోవద్దు. ఆ ఇంటికి పోతె నా ఇంటికి రావద్దు." ఎవరు పెంచారో, ఎవరు తల దువ్వారో అన్నీ మరిచిపోయి ఒక్క మాటలో తేల్చేశాడు. పండగకు పుట్టింటికి వెళితే గోడ అవతల పెద్దవ్వ దగ్గు వినపడేది. బాపు పొలానికి వెళ్ళాక ఆమె గోడ మీంచి గిన్నె అందించేది, సర్వపిండి వేడివేడిది. నేను గిన్నె అందుకునేటప్పుడు నా చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. గోడకు అటు ఆమె, ఇటు నేను, మధ్యలో చెయ్యి.

"ఎట్లనన్న జేసి గీళ్ళను కలుపు బిడ్డా. నిన్ను గోడ మీదికెల్లి సూసుడేంది నాకు?" అనేది.

నేను చేయని ప్రయత్నం లేదు. బాపు కాళ్ళు పట్టుకున్నాను. "గాని కేక నాకు ఇనవడలే. ఇనవడ్డదని అబద్ధం ఎట్ల చెప్త?" అన్నాడు. ఊరి పెద్దమనుషుల దగ్గరికి వెళ్ళాను. వాళ్ళు తలకాయలు ఊపి చాయ్ తాగి వెళ్ళిపోయారు. ఈ మగవాళ్ళ మొండితనం మీద నాకు ఎంత అసహ్యం పుట్టిందంటే, పొలం ఎండి ఇద్దరూ బుద్ధి తెచ్చుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను.

మా ఆయనది కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు, ప్రొజెక్టరు కిరాయికిస్తాడు. 2012లో వినాయక చవితికి మా ఊరి మండపం పిల్లలు ఐదో రోజు సినిమా వేయమని ఆయన్ను పిలిచారు. అంతకు వారం ముందు ఆయన స్టూడియో గోడ మీద ప్రొజెక్టరు పరీక్ష చేస్తూ, చేతికి దొరికిన ఒక పాత బొమ్మ వేశాడు. పుట్టినరోజు దావతుల్లో పిల్లల కోసం వేసే బొమ్మల్లో అదొకటి. అదే ఈ దిక్కుమాలిన సినిమా.

ఇద్దరు తెల్లవాళ్ళు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి. ఇద్దరికీ టోపీలు, మీసాలు. ఇరుగు పొరుగు ఇళ్ళు, మధ్యలో ఒకే బోరింగు. ఇద్దరూ ఒకేసారి బకెట్లతో వస్తారు. ఇద్దరికీ మాటల్లేవు. పొడుగువాడు నేల మీద గీత గీస్తాడు, పొట్టివాడు దాన్ని కాలితో చెరిపేస్తాడు. ఒకడు బోరింగు కొడుతుంటే ఇంకొకడు బకెట్ తన్నేస్తాడు. గొడుగు పట్టుకుని దారిన పోతున్న లావుపాటి ఆమె నెత్తి మీద నీళ్ళు పడతాయి. చివరికి ఇద్దరూ చెరో వైపు లాగితే పిడి రెండు ముక్కలవుతుంది, బోరింగే భూమిలోంచి ఊడొస్తుంది, నీళ్ళు ఆకాశానికి ఎగజిమ్ముతాయి. ఇద్దరూ బురదలో కూలబడి, చేతిలో చెరో ముక్క పట్టుకుని ఒకరినొకరు చూసుకుంటారు. అయిపోయింది.

నేను స్టూడియోలో స్టూలు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. మూడేళ్ళుగా ఆ ఇద్దరి మీద నవ్వడానికి నాకు ధైర్యం లేదు. ఆ రోజు ఎవరో ముక్కూ మొహం తెలియని వాళ్ళ మీద నవ్వితే ఆ నవ్వంతా బయటకు వచ్చింది. అప్పుడే నా బుర్రలో ఆ పురుగు దూరింది. నాకు నవ్వొచ్చింది కదా, వాళ్ళకూ వస్తుంది, ఒకచోట కూర్చుని నవ్వినవాళ్ళు పొద్దున్నే మాట్లాడుకోరా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"పెద్ద సినిమాకు ముందు ఇది వెయ్" అన్నాను మా ఆయనతో.

"కొరివితోని తల గోక్కుంటవా? మీ ఇంటోళ్ళ సంగతి నీకెరుక లేదా?" అన్నాడు. నేను వినలేదు. తన మాటే నిజమైందని ఇప్పటికీ ఆయన గర్వపడుతూనే ఉంటాడు.

ఐదో రోజు పొద్దుగూకాక, మండపం పక్కన బడి గోడకు తెల్ల దుప్పటి కట్టారు. ముందు పిల్లలు, ఒక వైపు ఆడవాళ్ళు, ఇంకో వైపు మగవాళ్ళు. అల్లుడు సినిమా వేస్తున్నాడని బాపు ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పెద్దబాపు వెనకాల ట్రాక్టరుకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దవ్వ ఆడవాళ్ళలో, నాకు నాలుగు చేతుల దూరంలో ఉంది. నేను ఆమెను చూసి కన్ను గీటాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

బొమ్మ మొదలైంది. సౌండ్ లేదు. పిల్లలు ఈలలు వేశారు. మండపం వాళ్ళు లేచి సౌండ్ బాక్సుల వైర్లు పీకి మళ్ళీ పెట్టారు. "సౌండ్ పెట్టుర్రి!" అని నాలుగు వైపుల నుంచి గోల. మా ఆయన మైకు అందుకుని, "దీనికి సౌండ్ ఉండదు. గట్లనే సూడాలె" అన్నాడు. "గింత పెద్ద మిషిని తెచ్చి మూగ సినిమా ఏస్తివా అల్లుడా?" అని ఒక ముసలాయన అడిగాడు. జనం నవ్వారు. ఆ నవ్వు వరకు అంతా బాగానే ఉంది.

పొడుగువాడు, పొట్టివాడు బకెట్లతో వచ్చారు. గీత గీయడం, చెరపడం అయింది. పొడుగువాడు పొట్టివాణ్ణి జరగమని నోటితో అనకుండా, జేబులోంచి దస్తీ తీసి ఊపాడు. నేను స్టూడియోలో ఆ దస్తీని అంతగా పట్టించుకోలేదు. ఊరు పట్టించుకుంది. వెనక నుంచి ఎవడో అరిచాడు, "అరే, గిది మన మోటరు పంచాదే కదరా!"

ఇక నవ్వులే. అవి మామూలు నవ్వులు కావు. పిల్లలు నేల మీద దొర్లారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "పెద్దాయనా, తువ్వాల ఊపు!" అని ఒకడు, "చిన్నాయనా, మోటరు బంద్ చెయ్!" అని ఇంకొకడు. మూడేళ్ళుగా గట్ల మీద కూర్చుని కడుపులో దాచుకున్నదంతా ఆ రోజు కక్కేశారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే ఊరు మాది.

నేను బాపునే చూస్తున్నాను. పొడుగువాడు జారి బురదలో పడ్డప్పుడు బాపు నవ్వాడు. నోరు తెరిచి, తొడ మీద చరుచుకుని నవ్వాడు. నా గుండె ఎగిరింది. పొట్టివాడి నెత్తి మీద బకెట్ పడ్డప్పుడు వెనక నుంచి ఒక గట్టి నవ్వు వినపడింది. అది పెద్దబాపు నవ్వు. బాపు వెనక్కి తిరిగాడు. పెద్దబాపు అప్పటికింకా నవ్వుతూనే ఉన్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. ఊరు నవ్వినా ఇద్దరికీ ఏమీ కాలేదు. వాడు నవ్వినందుకు వీడికి, వీడు నవ్వినందుకు వాడికి నెత్తిన నిప్పు పడింది. బాపు కుర్చీ తన్నేసి వెళ్ళిపోయాడు. పెద్దబాపు "బంద్ చేయిర్రి!" అని అరుస్తూ ముందుకు వచ్చి దుప్పటి పట్టుకుని లాగాడు. దుప్పటి ఊడిపోయింది. బొమ్మ ఆగలేదు. ఆయన తెల్ల అంగీ మీదే పొట్టివాడూ పొడుగువాడూ తన్నుకుంటున్నారు. ఆయన రెండు చేతులతో వాళ్ళను దులుపుకుంటుంటే ఊరు మళ్ళీ నవ్వింది. మా ఆయన చివరికి వైరు పీకేశాడు.

పొద్దున బాపు మాకు చాయ్ ఇవ్వలేదు. వాకిట్లో నిలబడి అడిగాడు, "ఎప్పుడు తీసిండ్రు?"

నాకు అర్థం కాలేదు. "ఏంది బాపు తీసేది?"

"గా సినిమా. మమ్ముల జూసి ఎప్పుడు తీసిండ్రు?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ అది బాపు ఒక్కడి అనుమానం కాదు, తెల్లారేసరికి ఊరంతా అదే మాట. వాళ్ళ దగ్గర సాక్ష్యాలున్నాయి మరి. అంతకు ముందు ఎండాకాలం మా ఆయన కొత్త కెమెరా పరీక్ష చేయడానికి మా బావి దగ్గరికి వచ్చి పొలాలు తీశాడు. అదొకటి. మా ఊళ్ళో ఒక పెళ్ళి వీడియోలో ఆయన సరదాకు పెళ్ళికొడుకు వైపు వాళ్ళను రంగులు తీసేసి, గబగబా ఉరుకుతున్నట్టు చేసి పెట్టాడు. ఆ క్యాసెట్టు ఊరంతా చూసింది. అల్లుడు రంగు తీసేయగలడు, మనుషులను ఉరికించగలడు అని అందరికీ తెలుసు. మరి వాళ్ళు తెల్లవాళ్ళు కదా అంటే, మొహానికి పౌడరు. మీసాలో? అంటించినవి. టోపీలు కామారెడ్డిలో దొరకవా?

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టున్నది నీ కత" అన్నాను బాపుతో. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నేను ఆయన కూతుర్నే, నాకు నోరు ఆగదు. బాపు మా సంచులు తెచ్చి గుమ్మం బయట పెట్టాడు.

నిమజ్జనం అయిన నాలుగో రోజు బాపు స్టూడియోకు వచ్చాడు. ఆయన వెనక పది అడుగుల దూరంలో పెద్దబాపు. నేను అప్పుడు స్టూడియోలోనే ఉన్నాను. ఇద్దరూ ఆ క్యాసెట్టును నాశనం చేయాలని ఎవరికి వారే బయలుదేరారు. ఎల్లారెడ్డి బస్టాండులో ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే బస్సెక్కి, ఒకడు డ్రైవరు వెనక, ఇంకొకడు చివరి సీటులో, లింగంపేట మీదుగా కామారెడ్డి దాకా కూర్చుని వచ్చారు. బస్సు దిగి ఒకే దారిలో నడిచి వచ్చి, నా ముందు నిలబడి, ఎదురెదురు గోడలను చూస్తున్నారు.

"క్యాసెట్టు తియ్యి" అన్నాడు పెద్దబాపు మా ఆయనతో.

"మామా, గిది నూరేండ్ల కిందటి సినిమా. మీ ముచ్చట కాదు."

"నూరేండ్ల కిందట మా మోటరు ముచ్చట గాళ్ళకెట్ల ఎరుకైంది?" అన్నాడు బాపు.

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. చివరికి, "మీరే కూసొని సూడుర్రి, మీరైతే చెప్పుర్రి" అని కంప్యూటర్లో బొమ్మ పెట్టాడు. పెళ్ళివాళ్ళు ఆల్బం చూసుకోవడానికి వేసిన చిన్న బెంచీ ఒక్కటే ఉంది. ఇద్దరు కూర్చుంటే భుజాలు తగలాల్సిందే. కాసేపు నిలబడే చూశారు. బాపుకు మోకాళ్ళ నొప్పి. కూర్చున్నాడు. తర్వాత పెద్దబాపు కూడా కూర్చున్నాడు, అంచున, పడిపోతాడేమో అన్నంత అంచున.

ఇద్దరూ నవ్వలేదు. పెళ్ళిచూపులకు వచ్చిన వాళ్ళలాగా బిగుసుకుని చూశారు. బకెట్ తన్నే చోటికి వచ్చేసరికి బాపు గోడను చూస్తూ అన్నాడు, "ముందుగాల గీత గీసింది పొడుగోడే."

"చెరిపింది పొట్టోడు" అన్నాడు పెద్దబాపు, ఇంకో గోడకు.

"గీయకపోతె చెరుపుడేంది?"

"మల్ల పెట్టు" అన్నాడు పెద్దబాపు. మా ఆయన మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. మూడుసార్లు పెట్టించుకున్నారు. మూడోసారి, బోరింగు ఊడే ముందు ఒక చోట పెద్దబాపు చెయ్యెత్తాడు. "ఆపు."

బొమ్మ ఆగింది. పొడుగువాడు పొట్టివాడి వెనక నిలబడి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని నోరంతా తెరిచి ఉన్నాడు. బోరింగు ఊగుతోంది, ఆపమంటున్నాడు. పొట్టివాడు అటు తిరిగి పిడి లాగుతూనే ఉన్నాడు.

"అరుస్తుండు సూడు" అన్నాడు పెద్దబాపు. "నరాలు తేలినయి సూడు గొంతుల. అరిసిండా లేదా?"

బాపు ముందుకు వంగి ఆ నోటిని చూశాడు. "అరిసిండు" అన్నాడు మెల్లగా. తర్వాత, "గానీ ఇనవడలే" అన్నాడు.

"అవ్" అన్నాడు పెద్దబాపు. "గానికి ఇనవడలే."

నేను కౌంటరు పట్టుకుని నిలబడ్డాను. ఇక అయిపోయింది, నా పెద్దవ్వ నాకు దొరికింది అనుకున్నాను. ఈ రోజే వాళ్ళతో పాటు బస్సెక్కి వెళ్ళి, ముందు గుమ్మంలోంచి ఆ ఇంట్లోకి నడుస్తాను అనుకున్నాను. చాయ్ తెప్పించాను. ఇద్దరూ తాగలేదు.

పెద్దబాపు లేచాడు. "పా తమ్మీ, బస్సెల్లిపోతది."

తమ్మీ అన్నాడు. మూడేళ్ళ తర్వాత. నాకు ఏడుపు ఆగలేదు. బాపు లేచి, తువ్వాల భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగాడు. ఆ మొహంలో నేను వెతికినది లేదు.

"ఊరి ముంగట మమ్ముల నవ్వులపాలు జేసినవ్" అన్నాడు. "ఇగ నా ఇంట్లగాని, అన్న ఇంట్లగాని అడుగు పెట్టకు."

"బాపు! మీ అన్నను నీకు తెచ్చిచ్చిన. మూడేండ్ల సంది ఎవ్వలతోని కానిది నేను జేసిన. గిదా నాకు ఇచ్చేది?"

"నిన్నెవలడిగిండ్రు?" అన్నాడు బాపు.

నేను పెద్దబాపు వైపు చూశాను. చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని పోచారం ప్రాజెక్టు కట్ట చూపించిన మనిషి. ఆయన నన్ను చూడలేదు, తన చెప్పులు చూశాడు. చూపుకు కూడా మాట బంద్ అయిందని నాకు అప్పుడు అర్థమైంది. ఇద్దరూ పక్కపక్కనే నడుచుకుంటూ స్టేషన్ రోడ్డులో వెళ్ళిపోయారు.

తర్వాత కబుర్లు ఊరివాళ్ళ ద్వారా తెలిసేవి. స్టార్టరు, వాలు ఒకే చోటికి మార్చుకున్నారట. ఇద్దరూ కలిసి బోరు వేయించుకున్నారట. గట్టు మీద కూర్చుని ఒకే గిన్నెలో సద్ది తింటున్నారట. తువ్వాలలు ఇప్పుడు చెమట తుడుచుకోవడానికేనట. విని సంతోషపడాల్సిందే. నాకు సంతోషం కలగలేదు. మంట పుట్టింది. వాళ్ళు నాకు చేసింది అన్యాయం. ఆ మాట ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాదు.

మా దగ్గర బతుకమ్మకు పుట్టింటి వాళ్ళు వచ్చి ఆడపిల్లను తోలుకుపోవాలి. ఆ ఏడు ఎవరూ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. వీధిలో ఆడవాళ్ళు "ఏందమ్మా, పోలేదా?" అని అడిగితే, పిల్లకు పరీక్షలున్నాయని అబద్ధం చెప్పాను. నా పిల్ల అప్పుడు ఒకటో తరగతి.

2014లో, తెలంగాణ వచ్చిన ఏడు, బతుకమ్మ ఎక్కడ చూసినా జోరుగా ఉంది. కామారెడ్డిలో గల్లీ గల్లీకి పాటలు, మైకులు. నాకు ఇంట్లో కాలు నిలవలేదు. ఎవరూ తోలుకుపోకపోతే నేనే పోతాననుకున్నాను. మగవాళ్ళు పొలంలో ఉండే వేళ చూసుకుని, ఎల్లారెడ్డి బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఊళ్ళో దిగాను. బాపు ఇంటి వైపు చూడను కూడా చూడలేదు. నేరుగా పెద్దవ్వ గుమ్మం ముందుకు వెళ్ళాను. ఐదేళ్ళలో మొదటిసారి ఆ ముందు గుమ్మానికి వచ్చాను.

పెద్దవ్వ బతుకమ్మ పేర్చడానికి గునుగు పువ్వు కట్టలు కడుతోంది. నన్ను చూసి పూలు కింద పడేసి లేచింది. సగం దూరం ఉరికొచ్చింది. తర్వాత ఆగిపోయింది. వీధిలో అటూ ఇటూ చూసింది. ఒక తలుపు దగ్గరికి వేసి, రెండో తలుపుకు అడ్డంగా నిలబడింది. మనిషి చిక్కిపోయింది. చెవుల కమ్మలు పెద్దవైపోయినట్టు కనపడ్డాయి.

"ఎందుకొచ్చినవ్ బిడ్డా?" అంది.

"నువ్వే కలపమంటివి కదా పెద్దవ్వా. కలిపిన. మరి నన్నెందుకు రానియ్యవు?"

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "గాళ్ళు దినాము నిన్ను తిట్టుకుంటనే సద్ది తింటరు బిడ్డా. నీ మీది కోపంతోనే ఇద్దరు ఒక్కటైండ్రు. నువ్వు లోపలికొస్తె ఇగ ఎవలను తిడ్తరు? మల్ల ఇద్దరే మిగుల్తరు. మల్ల మోటరు, మల్ల కేక. నాకిగ ఓపిక లేదు. ఇప్పుడిప్పుడే ఇంట్ల మాట ఇనవడుతున్నది."

"నేను కావాల్నా, ఆ మాట కావాల్నా నీకు?"

అడగకూడని ప్రశ్న అది. నాకు తెలుసు. అయినా అడిగాను. ఆమె రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టింది.

పెద్దవాళ్ళు దండం పెడితే చిన్నవాళ్ళకు ఆయుష్షు తగ్గుతుందంటారు. చిన్నప్పుడు ఆటలో ఎవరైనా ముసలివాళ్ళు నాకు చేతులు జోడిస్తే పెద్దవ్వ ఉరికొచ్చి వాళ్ళ చేతులు విడదీసేది. ఆ పెద్దవ్వే, సగం తలుపు వెనక నిలబడి నాకు దండం పెడుతోంది. ఆ చేతులు దించడం లేదు.

నేను వెనక్కి తిరిగాను. ఆటో దొరక్క ఎల్లారెడ్డి దాకా నడిచాను. దారి పొడుగునా ఆ అన్నదమ్ములను నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. బస్సులో కూర్చున్నాక తిట్లు అయిపోయాయి. ఆ ఇద్దరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు. పెద్దవ్వను కూడా.